మార్చ్ ఒకవైపు, మందసం మరొకవైపు: ‘రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్’ విస్తృత సంగీత సంపుటి

స్టీవెన్ స్పీల్‌బర్గ్ దర్శకత్వంలో 1981లో వచ్చిన ‘రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్’ సంగీతం అనగానే ఎవరికైనా ముందు చెవిలో మోగేది కథానాయకుడు ఇండియానా జోన్స్ మార్చ్, అంటే అతని కవాతు బాణీ. టోపీ, కొరడా, ఆ ట్రంపెట్లు మూడూ ఒకేసారి గుర్తుకు వస్తాయి. అయితే జాన్ విలియమ్స్ ఈ చిత్రానికి రాసిన సంగీతంలో ఆ మార్చ్‌కు సరితూగే ప్రత్యర్థి మరొకటి ఉంది. అది కథలో అందరూ వెతికే బైబిల్ నాటి పవిత్ర పెట్టె, నిబంధన మందసపు థీమ్. ఈ రెండింటి మధ్య జరిగే పోటీయే ఈ సంగీతానికి వెన్నెముక అని నా అభిప్రాయం. సినిమాతో పాటు విడుదలైన రికార్డులో ఆ పోటీ వినపడదు. 1995లో డీసీసీ కాంపాక్ట్ క్లాసిక్స్ సంస్థ తెచ్చిన విస్తృత సంపుటిలో మాత్రం స్పష్టంగా వినిపిస్తుంది. ఆ డిస్క్‌ను సమీక్షించడానికి నాకున్న ప్రధాన కారణం అదే.

మొదటి రికార్డు సంగతి ముందుగా చెప్పాలి. ఎల్పీ రికార్డులో ఒక్కో వైపు పట్టేది సుమారు ఇరవై నిమిషాలు. అందువల్ల 1981లో కొలంబియా సంస్థ విడుదల చేసిన సంపుటిలో తొమ్మిది ట్రాకులకు, సుమారు నలభై నిమిషాలకు మాత్రమే చోటు దొరికింది. పైగా విలియమ్స్ తన సినిమా సంగీతాన్ని రికార్డుగా కూర్చేటప్పుడు కథా క్రమాన్ని పట్టుకుని వేలాడరు. ఇంట్లో కూర్చుని వినేవారికి హాయిగా ఉండేలా వరుస మారుస్తారు, చిన్న క్యూలను, అంటే ఒక్కో సన్నివేశానికి రాసిన ముక్కలను, వదిలేస్తారు. ఆ పద్ధతిలో తప్పేమీ లేదు. ఆ ఎల్పీ నేటికీ చక్కగా వినదగిన కూర్పే. కానీ దానిలో కైరో వీధుల్లో బుట్టల వెంట సాగే పరుగు మ్యాప్ గది తరువాత వస్తుంది. సినిమాలో ముందు వీధుల పరుగు, తరువాతే మ్యాప్ గది. విగ్రహం ఉన్న గుహలో వినిపించే సంగీతం, విమానం దగ్గర జరిగే పోరాటపు సంగీతం ఆ రికార్డులో అసలే లేవు. సినిమా మొదటి పది నిమిషాల్లో ప్రేక్షకుడిని కుర్చీ అంచుకు లాగిన సంగీతం కొనుక్కోవడానికి పద్నాలుగేళ్ళు దొరకలేదన్నమాట.

ఈ లోటు తెలుగు శ్రోతలకు వివరించి చెప్పనక్కరలేదు. మన దగ్గర ఆడియో విడుదల అంటే పాటల విడుదలే. రీరికార్డింగ్‌లో సంగీత దర్శకుడు ఎంత కష్టపడినా, ఆ నేపథ్య సంగీతం క్యాసెట్ మీదకు ఎక్కిన సందర్భాలు తక్కువ. నచ్చిన బిట్ కావాలంటే సినిమా నుంచే కత్తిరించుకుని, మాటలతోనూ దెబ్బల చప్పుళ్ళతోనూ కలిపి వినవలసి వచ్చేది. ఈ మధ్య కాలంలో నేపథ్య సంగీతాన్ని విడిగా విడుదల చేస్తున్న నిర్మాణ సంస్థలు కనిపించడం సంతోషకరం. ఆ పనిని శ్రద్ధగా చేస్తే ఏం దక్కుతుందో తెలుసుకోవాలనుకునేవారికి ఈ 1995 డిస్క్ మంచి నమూనా.

డిస్క్‌లో పందొమ్మిది ట్రాకులు, సుమారు 73 నిమిషాల సంగీతం ఉన్నాయి. అంటే ఒక సీడీలో పట్టగలిగినంత మేర దాదాపుగా నింపేశారు. మొదటి ట్రాకును మినహాయిస్తే మిగతావన్నీ సినిమా వరుసలోనే నడుస్తాయి. ఆ మొదటి ట్రాకే ఈ కూర్పులో నాకు కనిపించిన పెద్ద లోపం. కచేరీల్లో వాయించే పద్ధతిలో మార్చ్‌ను పూర్తిగా, దాదాపు మూడు నిమిషాల పాటు, అన్నిటికంటే ముందే వినిపిస్తారు. అమ్మకానికి అది ఉపయోగపడి ఉండవచ్చు గాని, విలియమ్స్ ఎంతో ఓపికగా దాచిపెట్టిన వస్తువును గుమ్మంలోనే చేతిలో పెట్టినట్టయింది. మొదటిసారి వినేవారు రెండో ట్రాకు నుంచి మొదలుపెట్టాలని నా గట్టి సలహా.

ఆ రెండో ట్రాకు, అంటే ‘మెయిన్ టైటిల్: సౌత్ అమెరికా, 1936’, టైటిల్ సంగీతమని పేరు పెట్టుకుని కూడా మార్చ్ జోలికి పోదు. అడుగు స్వరాల్లో తీగ వాయిద్యాలు, వాటి మీద ఉలిక్కిపడినట్టు పలికే ఊదు వాయిద్యాలు, అడవి లోపలికి ఒక్కో అడుగూ వేస్తున్న మనుషులు. వెంటనే ‘ఇన్ ది ఐడల్స్ టెంపుల్’ వస్తుంది. అయిదున్నర నిమిషాల ఈ ట్రాకు కోసమే ఈ డిస్క్ కొన్నవారు ఉన్నారంటే నేను నమ్ముతాను. సినిమాలో సాలెపురుగులు వీపు మీద పాకే చోట వయొలిన్లు జారుతూ ఉంటే ఒళ్ళు జలదరిస్తుంది. తెర మీద చూస్తున్నప్పుడు మన దృష్టి సాలెపురుగుల మీద ఉంటుంది కాబట్టి వయొలిన్లు ఏం చేస్తున్నాయో పట్టించుకోము. బొమ్మ లేకుండా విన్నప్పుడు అర్థమయ్యేది ఏమిటంటే, విలియమ్స్ ఇక్కడ రాసింది సాహస చిత్ర సంగీతం కాదు, ఇరవయ్యో శతాబ్దపు ఆధునిక వాద్యబృంద సంగీతం. శ్రావ్యత కోసం వెతికితే దొరకదు. బరువును అంచనా వేస్తూ ఇసుక సంచిని సరిచేసుకునే చోట ఆ సంగీతం ఊపిరి బిగపట్టి నిలబడే తీరు ఎన్నిసార్లు విన్నా నాకు తనివి తీరదు.

అలా తొమ్మిదిన్నర నిమిషాల పాటు శ్రోతను చీకట్లో ఉంచిన తరువాత గాని మార్చ్ తలెత్తదు. ‘ఫ్లైట్ ఫ్రమ్ పెరూ’లో జోన్స్ నది వైపు, విమానం వైపు పరుగెత్తేటప్పుడు ట్రంపెట్లు ఆ స్వరాలను మొదటిసారి అందుకుంటాయి. ఈ స్వరాలను మన పద్ధతిలో రాసుకుంటే పని తేలికవుతుంది. గ మ ప, అక్కడి నుంచి తారస్థాయి షడ్జానికి ఒక గెంతు. రి గ మ అని కిందికి వచ్చి ఆగుతుంది. ప ద ని, అక్కడి నుంచి ఈసారి తారస్థాయి మధ్యమానికి ఇంకా పెద్ద గెంతు. ఆ తరువాత ద ని స రి గ అని మెట్లెక్కినట్టు ఎక్కడం. శంకరాభరణ స్వరాలు తప్ప మరొకటి లేవు, సరళీ వరుసలు నేర్చుకుంటున్న పిల్లలు సైతం పాడగలరు. కానీ రెండో గెంతును గమనించండి. నిషాదం నుంచి మధ్యమానికి దూకడం గొంతుకు గాని చెవికి గాని సహజంగా అనిపించే దూరం కాదు. అందుకునే ముందు కాలు జారుతుందేమో అనిపించి, చివరి క్షణంలో పట్టు దొరికినట్టు ఉంటుంది. తీగ పట్టుకుని నది మీదకు ఊగే మనిషికి అంతకంటే సరిపోయే స్వరాలు నేను ఊహించలేను.

ఈ మార్చ్ పుట్టుక గురించి బాగా తెలిసిన విషయం ఒకటి ఉంది. విలియమ్స్ రెండు వేరు వేరు బాణీలు కట్టి, వాటిలో ఏది కావాలో ఎంచుకోమని స్పీల్‌బర్గ్‌కు పియానో మీద వినిపించారు. రెండూ నచ్చాయని, రెండింటినీ వాడమని దర్శకుడు కోరారు. అందువల్ల ఒకటి ప్రధాన బాణీగా, రెండోది దాని నడుమ వచ్చే భాగంగా స్థిరపడ్డాయి. ఈ సంగతి తెలిసి వింటే, సినిమా పొడవునా విలియమ్స్ ఈ రెండు ముక్కలనూ విడివిడిగా, అవసరమైనంత మేరకే ఎలా చిదిమి వాడుకున్నారో విస్తృత సంపుటిలో సులువుగా పట్టుకోవచ్చు. ‘జర్నీ టు నేపాల్’లో విమాన ప్రయాణపు మ్యాప్ మీద ఎర్ర గీత సాగేటప్పుడు కాసింత మాత్రమే, జలాంతర్గామి మీదకు ఈదుకుంటూ చేరిన జోన్స్‌ను చూసి ఓడ సిబ్బంది కేరింతలు కొట్టే చోట ఇంకాస్త. పూర్తి మార్చ్ విన్న అనుభూతి సినిమా చూసి వచ్చినవారికి ఉంటుంది గాని, నిజానికి సినిమా లోపల అది విరివిగా దొరకదు.

ఇక రెండో పక్షం. మందసపు థీమ్‌లో పాడుకోదగ్గ బాణీ కంటే కార్డుల (ఒకేసారి పలికే స్వరాల గుంపుల) నడకే ముఖ్యం. ఒకదానికొకటి పొసగని మైనర్ కార్డుల మధ్య అది మెల్లగా అటూ ఇటూ కదులుతుంది, ఎక్కడా ఇంటికి చేరదు. మార్చ్‌లో ప్రతి గెంతుకూ ఒక గమ్యం ఉంటే, దీనికి గమ్యమే లేదు. ‘ది మ్యాప్ రూమ్: డాన్’ ట్రాకులో ఈ థీమ్ పెరిగే విధానం నాలుగు నిమిషాల లోపు నడిచే ఒక పాఠం. దండం చివరన పెట్టిన పతకం గుండా సూర్యకిరణం దూరి, నేల మీది నమూనా నగరంలో తాను చేరవలసిన చోటు వైపు జరుగుతూ ఉంటుంది. ఆ సన్నివేశంలో చెప్పుకోదగ్గ మాటలు లేవు. సంగీతమే చెబుతుంది, సంగీతమే చూపుతుంది. లోతైన తీగ వాయిద్యాలతో మొదలై, ఒక్కో వరుస వాయిద్యాలనూ చేర్చుకుంటూ, కిరణం చోటు చేరేసరికి ఈ సంగీతాన్ని వాయించిన లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా మొత్తం లేచి నిలబడినట్టుగా వినిపిస్తుంది. ఈ ట్రాకు ఎల్పీలో కూడా ఉంది. కానీ దానికి ముందు ‘ది మెడాలియన్’, ‘ది బాస్కెట్ గేమ్’ వరుసగా విన్నవారికి ఇక్కడ కలిగే ఉద్వేగం వేరు. బుట్టల పరుగులోని చిలిపితనం చివరకు కథానాయిక మారియన్ థీమ్ దుఃఖంగా పలకడంతో ముగుస్తుంది. ఆ దుఃఖం మీదుగా మ్యాప్ గదిలోకి అడుగుపెట్టడం వల్లనే, జోన్స్ ఇక వెనక్కి తిరగడని మనకు తెలుస్తుంది. వరుస మారిస్తే ఆ సంబంధం తెగిపోతుంది.

మధ్య భాగంలో కొన్ని ట్రాకులు నాకు అంతగా పట్టలేదు. ‘రీయూనియన్ అండ్ ది డిగ్ బిగిన్స్’ తెర మీద తన పని తాను చేస్తుంది, విడిగా వింటే సాగదీసినట్టుంటుంది. ‘టు కైరో’ చిన్న వంతెన వంటిది, ఉంటే ఉంది. ‘ది జర్మన్ సబ్’ మొదటి సగం కూడా అంతే. విస్తృత సంపుటి అన్నాక ఇవి తప్పవు. అన్నీ కావాలని కోరుకున్నవారు అన్నీ ఒకే స్థాయిలో ఉండాలని కోరడం న్యాయం కాదు.

‘ఎయిర్‌ప్లేన్ ఫైట్’ మాత్రం ఎల్పీలో వదిలేయవలసినది కాదు. బట్టతల మెకానిక్‌తో జరిగే ఆ పోరాటానికి విలియమ్స్ రాసిన మొరటు లయ, వెంటనే వచ్చే ‘డెజర్ట్ చేజ్’కు పునాది. ఇది లేకుండా అది వింటే చేజ్ ఒక్కసారిగా ఊడిపడినట్టుంటుంది. ఎనిమిది నిమిషాలు దాటే ఈ ‘డెజర్ట్ చేజ్’ ఇక్కడ ఎల్పీలో కంటే కాస్త ఎక్కువ నిడివితో ఉంది. లారీ వెంట గుర్రం, లారీ పైన మనిషి, లారీ కింద మనిషి అంటూ సన్నివేశం క్షణక్షణానికీ మలుపు తిరుగుతున్నా సంగీతం ఎక్కడా తెగదు. ప్రతి దెబ్బకూ ఒక డప్పు మోతతో బదులు చెప్పే సులువు దారిని విలియమ్స్ ఎంచుకోలేదు. ఆయన ఒక దీర్ఘమైన సంగీత వాక్యం రాసి, దెబ్బలను అందులో విరామ చిహ్నాలుగా అమర్చారు. మార్చ్ ఇక్కడ ముక్కలుగా వస్తుంది, రెండు స్వరాలు పలికి ఆగిపోతుంది, మళ్ళీ వేరే స్థాయిలో లేస్తుంది. జోన్స్ తిరిగి స్టీరింగ్ దగ్గరకు చేరినప్పుడు గాని దానికి స్థిమితం చిక్కదు. పోరాట సన్నివేశానికి నేపథ్య సంగీతం కట్టే ప్రతి యువ సంగీత దర్శకుడూ ఈ ఎనిమిది నిమిషాలను కాగితం, కలం దగ్గర పెట్టుకుని వినాలి.

ఆ తరువాత ‘మారియన్స్ థీమ్’ రెండు నిమిషాల విశ్రాంతి. అక్కడి నుంచి కథ దిగే దారిలో మార్చ్ క్రమంగా వెనక్కి తగ్గుతుంది. ‘ది మిరాకిల్ ఆఫ్ ది ఆర్క్’ ఆరు నిమిషాల్లో దానికి పనే లేదు. జోన్స్‌ను స్తంభానికి కట్టేశారు, అతను కళ్ళు మూసుకుని ఉన్నాడు. కథానాయకుడు ఏమీ చేయలేని పతాక సన్నివేశం ఇది. మొదట ఆత్మలు తేలివచ్చే చోట స్త్రీల గొంతులు మృదువుగా, దాదాపు అందంగా పలుకుతాయి. ఆ అందం భయంకరంగా మారేటప్పుడు ఇత్తడి వాయిద్యాలన్నీ ఒక్కసారిగా విరుచుకుపడతాయి. మందసపు థీమ్ తన పూర్తి బలంతో వినిపించేది ఇక్కడే. దీనికి ముందున్న ‘ఆర్క్ ట్రెక్’ నుంచి ఈ ట్రాకు దాకా వరుసగా విన్నవారికి ఈ బలం ఎక్కడి నుంచి కూడిందో తెలుస్తుంది. మందసానికి సంబంధించి విలియమ్స్ ఇంతవరకు ఇచ్చినవన్నీ అప్పులే, ఇక్కడ వసూలు చేసుకున్నారు.

ఆపై ‘ది వేర్‌హౌస్’. ఒక్క నిమిషం కూడా లేని ఈ ముక్క ఎల్పీలో విడి ట్రాకుగా లేదు. పెట్టెలో మేకులు కొట్టి, లెక్కలేనన్ని పెట్టెల మధ్యకు తోసుకుపోతున్న మందసానికి ఇది వీడ్కోలు. విలియమ్స్ ఇక్కడ చివరి మాట మార్చ్‌కు ఇవ్వలేదు. ‘ఎండ్ క్రెడిట్స్’ మొదలైనప్పుడు గాని మార్చ్‌కు పూర్తి స్వేచ్ఛ దొరకదు. అంటే తెర మీద కథ నడిచినంత సేపూ గెలిచింది మందసమే. అక్షరాలు పైకి పోయేటప్పుడు ప్రేక్షకుడిని ఉత్సాహంగా ఇంటికి పంపడానికి మార్చ్ వచ్చింది. ఈ లెక్క నాకు ఈ డిస్క్ వల్లనే బోధపడింది.

ధ్వని నాణ్యత గురించి కొంత. ఈ సంగీతాన్ని 1981 ఫిబ్రవరిలో లండన్‌లోని అబీ రోడ్ స్టూడియోలో ఎరిక్ టామ్లిన్సన్ రికార్డు చేశారు. పెద్ద గదిలో వాద్యబృందమంతా ఒకేసారి వాయిస్తున్న భావన ఇందులో ఉంటుంది. అప్పటి లండన్ సింఫనీకి ప్రధాన ట్రంపెట్ వాద్యకారుడు మారిస్ మర్ఫీ. ఆ ట్రంపెట్ల వరుస పలికే తీరులోని మెరుపును మంచి హెడ్‌ఫోన్స్‌లో వింటే నేటి రికార్డింగులకు తీసిపోదు. నిశ్శబ్దంగా ఉండే చోట్ల టేపు సన్నగా ‘స్స్’ మంటుంది. దాన్ని తుడిచివేయాలని తాపత్రయపడి గది గాలిని కూడా చంపేయకపోవడం నాకు నచ్చింది.

లోపాలు లేవని కాదు. కళాశాలలో ప్రభుత్వ అధికారులకు జోన్స్ మందసం గురించి వివరించే సన్నివేశపు సంగీతం ఈ డిస్క్‌లో లేదు. మందసపు థీమ్‌కు తొలి బీజం పడేది అక్కడ. నా వాదన ప్రకారం చూస్తే అది చిన్న విషయం కాదు. రెండో పక్షం రంగంలోకి దిగే ఘట్టమే తప్పిపోయింది. ఆ కొరతను 2008లో కాంకర్డ్ సంస్థ విడుదల చేసిన అయిదు డిస్క్‌ల పెట్టె తీర్చింది. అప్పటికి వచ్చిన ఇండియానా జోన్స్ నాలుగు చిత్రాల సంగీతమూ అందులో ఉంది. ఒక్కో చిత్రానికి ఒక్కో డిస్క్, అయిదో దానిలో మిగిలిన క్యూలు, ముఖాముఖీలు. ‘వాషింగ్టన్ మెన్’ పేరుతో ఆ కళాశాల సన్నివేశం, విగ్రహం మీద నుంచి జోన్స్ గోడ పగలగొట్టే చోటి సంగీతం వంటివి కొత్తగా చేరాయి. కచేరీ మార్చ్ మొదట్లో లేకపోవడం వల్ల అడవి నుంచే ప్రయాణం ప్రారంభమవుతుంది, అది సరైన నిర్ణయం. మరోవైపు, గుహ సంగీతాన్ని అందులో రెండు ట్రాకులుగా విడగొట్టారు. డీసీసీ డిస్క్‌లో ఒకే ఊపిరిగా నడిచే ఆ అయిదున్నర నిమిషాలకు అలవాటు పడిన చెవికి అది అడ్డంకిగా తోస్తుంది.

మరొక మాట. 1982 ఆస్కార్ వేడుకలో ఈ సంగీతం నామినేషన్ దగ్గరే ఆగిపోయింది. బహుమతి ‘చారియట్స్ ఆఫ్ ఫైర్’కు గాను వాంజెలిస్‌ను వరించింది. దాని సింథసైజర్ బాణీ కొత్తగా ఉందన్నది నిజం. కానీ నిర్మాణం దృష్ట్యా, పొడవైన కథను మోసే బలం దృష్ట్యా చూస్తే విలియమ్స్‌కు అన్యాయం జరిగిందనే నేటికీ నేను వాదిస్తాను.

కొనదలచినవారికి ఇప్పుడున్న పరిస్థితి ఇది. డీసీసీ డిస్క్ ముద్రణ ఆగిపోయి చాలా కాలమైంది. పాత సీడీలు అమ్మేవారి దగ్గర దొరికితే దొరకాలి. ధర అమ్మేవారి ఇష్టం. ఇండియానా జోన్స్ మొదటి నాలుగు చిత్రాల సంగీతమూ కావాలనుకునేవారు, మందసపు థీమ్‌ను మొదటి బీజం నుంచి అనుసరించాలనుకునేవారు కాంకర్డ్ పెట్టె వైపు చూడటం మేలు. ఈ ఒక్క చిత్రం చాలనుకునేవారికి, గుహ సంగీతం తెగకుండా కావాలనుకునేవారికి డీసీసీ డిస్క్ కోసం వెతకడం శ్రమకు తగ్గ పని. రెండూ దగ్గరున్నవారు డీసీసీలో రెండు, మూడు, నాలుగు ట్రాకులు విని, కాంకర్డ్‌లోని ‘వాషింగ్టన్ మెన్’ను వాటి వెంట చేర్చి, మళ్ళీ డీసీసీ అయిదో ట్రాకుకు రావచ్చు. నా కంప్యూటర్‌లో ఈ సంగీతం ఆ వరుసలోనే ఉంది.